అతిస్థూల విభాగంలో ఒక ఖాళీ

ఆడమనిషి కొలత ఇంత ఉండాలని భగవంతుడు ఎప్పుడైనా అనుకున్నాడా అని నాకు ఇరవై ఆరేళ్లుగా ఒక సందేహం. జాకెట్లు కుట్టడం మొదలుపెట్టిన ఏడాదే అది మనసులో పడింది. ఇన్నేళ్లలో కొన్ని వేల మందికి టేపు పట్టాను. ఒకరి చీటీలో రాసిన అంకెలు ఇంకొకరి చీటీలో అచ్చంగా కనపడలేదు. అంతెందుకు, ఒకే మనిషికి కుడి చెయ్యి ఒక కొలత, ఎడమ చెయ్యి ఒక కొలత. దీపావళికి కుట్టించుకున్న జాకెట్టు ఉగాదికి పట్టదు. అంతటివాడికి ఒక్క అచ్చు చేసుకుని అందర్నీ దాంట్లోంచే తీయడం కష్టమా? తీయలేదంటే ఏదో కారణం ఉండాలి. శివాలయం పూజారి గారిని ఒకసారి అడిగాను. ఆయన చేతిలో విభూతి పెట్టి, ఇలాంటివి ఆలోచించకుండా ప్రదక్షిణలు చేయమన్నారు. చేశాను. సందేహం కూడా నాతోపాటే తిరిగింది.

నా పేరు భ్రమరాంబ. మాది నేతపాలెం. మా ఆయన ఊళ్లోని చేనేత సహకార సంఘంలో గుమాస్తా. సంఘంలో ఒకప్పుడు అరవై మగ్గాలు ఆడేవి. ఇప్పుడు పన్నెండు. ఆ పన్నెండూ ఏ నెల ఆగిపోతాయో అని మా ఆయన నెలాఖరుకల్లా భోజనం తగ్గించేస్తారు.

ఈ కొలతల సందేహం నా ఒక్కదానికే అనుకున్నాను గాని, పోయిన ఏడాది అది పైవాళ్లకు కూడా వచ్చింది. వాళ్లకు సందేహం వస్తే ప్రదక్షిణలు చేయరు. కమిటీ వేస్తారు.

చేనేత వైభవ మండలి అని ఒకటుంది. వాళ్లు ఏటా కార్తీకమాసం చివర జిల్లా కేంద్రంలో చీరల ప్రదర్శన పెడతారు. ఎత్తుగా చెక్క దారి ఒకటి కట్టి, దానిమీద అమ్మాయిల చేత చీరలు కట్టించి నడిపిస్తారు. పోయిన ఏడాది సంఘం తరఫున మా ఆయనతో నేను కూడా వెళ్లాను. పట్నం నుంచి ఇరవై మంది అమ్మాయిల్ని తెచ్చారు. అందరూ ఒకటే ఎత్తు, ఒకటే నడుము. ఒకమ్మాయి లోపలికి వెళ్లి ఇంకో అమ్మాయి బయటికి వస్తుంటే చీర మారినట్టు తెలిసేది గాని మనిషి మారినట్టు తెలిసేది కాదు. ముఖ్య అతిథిగా అమాత్యుల వారి సతీమణి వచ్చారు. ఆవిడ మంచి నిండైన మనిషి. చివర్లో మైకు తీసుకుని, ఈ చీరలు నాలాంటి వాళ్లు కట్టుకోకూడదా ఏం అని నవ్వుతూ అడిగారు. జనం నవ్వారు. మండలి వాళ్లు మాత్రం నవ్వలేదు. రాసుకున్నారు.

అడిగిన మాట న్యాయమైనదే. నలుగురూ నాలుగు రకాలుగా ఉండే లోకంలో చీర కట్టి చూపించేవాళ్లు కూడా నాలుగు రకాలుగా ఉంటే చూడ్డానికి బాగుంటుంది. లావు మనుషుల్ని నలుగుర్ని పిలిచి నడిపిస్తే ఆ మాటకు జవాబు అయిపోయేది. కానీ ఊరికే పిలిస్తే ఎవరు ఎంత లావో రుజువు ఉండదు కదా. అందుకని మూడు నెలలు కూర్చుని ‘శరీర పరిమాణ వైవిధ్య సాధన మార్గదర్శకాలు’ అని నలభై ఒక్క పేజీల పుస్తకం తయారుచేశారు.

ఆ పుస్తకం పట్టుకుని మండలి ఉప సంచాలకులు పతంజలి గారు మా ఊరు వచ్చారు. సన్నగా, నున్నగా దువ్వుకున్న తలతో ఉంటారు. కోపం తెచ్చుకోరు. ఏ మాటైనా ముందు కాగితం మీద చదువుకున్నట్టే మాట్లాడతారు. సంఘం ఆఫీసులో మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి విషయం వివరించారు. ఇకమీదట పట్నం అమ్మాయిలు ఉండరు. జిల్లాలోని ఇరవై సంఘాల నుంచి, సంఘానికి ఒకరు చొప్పున, నేతపని చేసే ఆడవాళ్లే నడుస్తారు. స్త్రీ శరీరాన్ని మండలి అయిదు విభాగాలు చేసింది. నలభై అయిదు కేజీల లోపు అతిసన్న. అక్కడినుంచి సన్న, మధ్యమ, స్థూల. తొంభై దాటితే అతిస్థూల. విభాగానికి నలుగురు. ఏ సంఘానికి ఏ విభాగం వస్తుందో చీటీలు తీస్తారు. ఏ సంఘం మనిషి ఆ విభాగం కొలతలతో నడక పూర్తి చేస్తుందో ఆ సంఘం చీరలన్నీ ఏడాదిపాటు మండలే కొంటుంది. నడవకపోతే కొనదు.

కొనడం అనే మాట వినగానే మా ఆయన నిటారుగా కూర్చున్నారు. నాకు మాత్రం ఒక చిన్న అనుమానం వచ్చింది. లేచి అడిగాను.

“అయ్యా, చీరకు సైజు ఉండదు గదండి. ఆరు గజాలు. సన్నటి మనిషి నాలుగు కుచ్చెళ్లు ఎక్కువ పోసుకుంటది, లావు మనిషి తక్కువ పోసుకుంటది. ఎవరికైనా ఒకటే చీర. మరి మనుషులకి ఈ విభాగాలెందుకండి?”

పతంజలి గారు నన్ను దయగా చూశారు.

“చూడమ్మా, చీర అంశాన్ని వేరే శాఖ పరిశీలిస్తుంది. మాకు అప్పగించబడినది శరీరం వరకే.”

అలా ప్రశ్న అడిగిన పాపానికి నాకో ఉద్యోగం వచ్చింది. ఆడవాళ్లకు టేపు పట్టాలంటే ఆడమనిషే కావాలి కాబట్టి నన్ను ‘పరిమాణ సహాయకురాలి’గా వేశారు. మొదటిరోజే నా టేపు చెల్లదన్నారు, దానిమీద ముద్ర లేదట. ముద్ర ఉన్న టేపు కోసం వెతికితే రోడ్లు కొలిచేవాళ్ల దగ్గర ఇనప టేపు దొరికింది. దాన్ని మొదటి మనిషి నడుముకు చుట్టగానే ఆవిడ చలికి అరిచింది. బటన్ వదలగానే అది సర్రున లోపలికి పోతూ నా బొటనవేలు కోసింది. ఆ తర్వాత నేను నా గుడ్డ టేపుతోనే కొలిచి, దాన్ని ఇనప టేపు పక్కన పెట్టి చూసి, అంకె రాసేదాన్ని. తూకానికి కూడా అంతే. ముద్ర ఉన్న కాటా ఊరంతటికీ ఒక్కటే, సంఘం గోడౌనులో నూలు బేళ్లు తూచేది. ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చెప్పులు విడిచి దానిమీదకెక్కి నిలబడేవారు. మా ఆయన అలవాటు కొద్దీ మొదటి ఇద్దరి తూకంలోంచి గోనెసంచి బరువు తీసేశారు.

చీటీల్లో మా సంఘానికి ఇరవయ్యో నంబరు వచ్చింది. విభాగం అతిస్థూల.

పన్నెండు మగ్గాల ఇళ్లల్లో ఆ కొలతకు తూగేది ఒక్కతే, సీతారావమ్మ. ఈ మాట ఆమెకు ఎవరు చెప్పాలన్నదాని మీద సంఘంలో గంటసేపు చర్చ జరిగింది. ఆడమనిషిని పట్టుకుని నువ్వు అతిస్థూల అని ఏ మగవాడు చెప్తాడు? చివరికి అందరూ నావైపు చూశారు.

నేను వెళ్లేసరికి సీతారావమ్మ మగ్గం గుంటలో కూర్చుని ఉంది. ఎప్పటిలాగే కొంగు రెండు భుజాల మీదుగా నిండా కప్పుకుని ఉంది. ఎంత ఉక్కపోసినా ఆ కొంగు తీయదు. మగ్గం మీద ఏడు నెలలుగా నేస్తున్న చీర ఉంది. ఉప్పుమళ్ల రంగు నేల, కొంగు పొడవునా వాలబోతున్న తెల్ల పిట్టలు. ఒక్కో పిట్టకు మూడు రోజులు పట్టిందట. నేను మంచినీళ్లు తాగి, ఎండల గురించి మాట్లాడి, ఇంక లాభం లేదని కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

ఆమె నేత ఆపి కొంచెంసేపు నన్ను చూసింది. తర్వాత పొట్ట కదిలేట్టు నవ్వింది.

“అంటే ఏందొదినా, నేను లావుగా ఉన్నందుకు పన్నెండు మగ్గాలు ఆడతయ్యా?”

“కాయితంలో అట్టాగే ఉంది.”

“మా అత్త బతికుంటే బాగుండేది. ఇరవై ఏళ్లు నా కంచంలో ముద్దలు లెక్కెట్టింది.”

నవ్వడం అయ్యాక, ఏ చీర కట్టుకుని నడవాలని అడిగింది. ఎవరు నేసింది వాళ్లే కట్టుకోవాలట అన్నాను. ఆమె చీర మీద చెయ్యి ఆనించింది. ముప్పై ఏళ్లుగా నేస్తోంది. నేసిన ప్రతి చీరా మడతపడి సంఘానికి వెళ్లిపోయిందే గాని ఒక్కటీ ఒంటిమీద పడలేదు.

“నేసేటప్పుడు నాకు బెత్తెడు బెత్తెడే కనపడుద్ది వదినా. ఒక్కసారి కట్టుకుని నడిస్తే మొత్తం ఎట్టుంటదో చూసుకుంటా. మగ్గాల సంగతి దేవుడెరుగు, ఇందుకైనా వస్తా” అంది.

మొదటి తూకంలో తొంభై రెండు కేజీల నాలుగు వందల గ్రాములు వచ్చింది. మా సంఘం అధ్యక్షులు కాటా ముందు కొబ్బరికాయ కొట్టారు. నేను ఆమె కొలతలన్నీ ఇరవయ్యో నంబరు కింద రిజిస్టరులో ఎక్కించాను. పతంజలి గారు దానిమీద ‘ఆమోదించడమైనది’ అని సంతకం పెట్టారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ పుస్తకంలో పద్నాలుగో పేజీలో, ప్రదర్శన వరకు ప్రతి వారం పరిమాణ స్థిరత్వాన్ని పరిశీలించాలని ఉంది. పతంజలి గారి పర్యటన సోమవారాలు పడింది. కార్తీకంలో సోమవారం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పొద్దు గూకి దీపం వెలిగించేదాకా మా ఊళ్లో సగం మంది ఆడవాళ్లు పచ్చి మంచినీళ్లు ముట్టరు. సీతారావమ్మ ముప్పై ఏళ్లుగా ఆ ఉపవాసం తప్పలేదు.

సంఘం అత్యవసర సమావేశం పెట్టి, సీతారావమ్మ గారిని ఈ ఒక్క ఏడాదికి ఉపవాసం నుంచి విరమించుకోవలసిందిగా ప్రార్థిస్తూ తీర్మానం చేసింది. తీర్మానం ఆమెకు చదివి వినిపించారు. ఆమె శ్రద్ధగా విని, శివుడికి ముప్పై ఏళ్లుగా ఉంటున్నాను, మండలికి ఈ ఏడే గదా, ఆయన తర్వాతే మీరు అంది. నేను కూడా ఉపవాసం ఉన్న మనిషినే కాబట్టి ఏ ముఖం పెట్టుకుని నచ్చచెప్పను? మిగతా ఆరు రోజుల్లో ఆ లోటు పూడ్చాలని పన్నెండు ఇళ్లవాళ్లు వంతులు వేసుకున్నారు. పొద్దున సున్నుండలు, మధ్యాహ్నం గారెలు, సాయంత్రం నేతిగిన్నె పక్కన పెట్టుకుని పొంగలి. అందరూ చుట్టూ కూర్చుని ఆమె మింగుతుంటే చూసేవారు. అత్తగారు ముద్దలు లెక్కపెట్టినప్పుడు ఆమె హాయిగా తినగలిగేదట. ఇప్పుడు లోపలికి పోవడం లేదంది. పన్నెండు ఇళ్ల పొయ్యిలు తన నడుము మీద ఆధారపడి ఉన్నాయని తెలిశాక ఏ మనిషికి ముద్ద దిగుతుంది? వారానికి దాదాపు కేజీ చొప్పున తగ్గుతూ వచ్చింది.

మిగతా ఊళ్లల్లో ఇంతకంటె చిత్రాలు జరుగుతున్నాయి. తూర్పు వైపు ఒక సంఘానికి అతిసన్న చీటీ వచ్చింది. వాళ్ల మనిషి నలభై ఆరు కేజీలు. ఆ కాస్త తగ్గించడానికి ఆమెకు పదిరోజులు మజ్జిగ తప్ప ఏమీ ఇవ్వలేదు. తగ్గింది గాని మగ్గం మీదే కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో సెలైను ఎక్కిస్తే రెండు రోజుల్లో మళ్లీ నలభై అయిదున్నరకు వచ్చింది. అనుమతి లేకుండా బరువు పెరిగినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోకూడదో ఏడు రోజుల్లో తెలుపవలెనని మంచం దగ్గరికే నోటీసు వచ్చింది. ఇంకో సంఘంలో మధ్యమ విభాగం అమ్మాయికి నెల తప్పింది. ఇంట్లోవాళ్లు సంతోషించారు. పతంజలి గారు ఆమె రిజిస్టరులో, సదరు అభ్యర్థి పరిమాణము ప్రగతిశీలముగా అస్థిరముగా ఉన్నది, ఇది ఎంతకాలము కొనసాగునో సంబంధిత వ్యక్తి నుంచి రాతపూర్వక హామీ తీసుకొనవలెను అని రాశారు. అత్తగారు, కడుపులో ఉన్నవాళ్లు సంతకం పెట్టలేరని చెప్పి, వేలిముద్ర తానే వేసి ఇచ్చింది.

ప్రదర్శనకు పన్నెండు రోజుల ముందు ఆఖరి తూకం జరిగింది. ఆ రోజూ సోమవారమే. ఇరవై సంఘాలవాళ్లనూ మా గోడౌనుకే రప్పించారు. సీతారావమ్మ కాటా ఎక్కింది. మా ఆయన రాళ్లు వేశారు, తీశారు, మళ్లీ వేశారు. ముల్లు ఆగింది. ఆయన పక్కకు తప్పుకున్నారు.

పతంజలి గారే వంగి చూశారు. “ఎనభై తొమ్మిది కేజీల ఆరు వందల గ్రాములు. అమ్మా, మీరు ఇకపై అతిస్థూల కారు. స్థూల మాత్రమే. స్థూల విభాగంలో ఖాళీలు లేవు.”

“నాలుగు వందల గ్రాములే గదయ్యా. ఉపవాసం పోతే పోయె, ఒక చెంబెడు నీళ్లు తాగొస్తా” అంది సీతారావమ్మ. ముప్పై ఏళ్లలో ఆమె నోట ఆ మాట రావడం నేను వినలేదు.

“నీరు శరీరంలో అంతర్భాగమా, లేక శరీరంలో నిలువ ఉన్న సరుకా అన్నది పైనుంచి స్పష్టత కోరవలసిన అంశం. అంతవరకు నీరు అనుమతించబడదు.”

“మరి నా చోటులో ఎవరిని నడిపిస్తారండి?”

“ఎవరినీ నడిపించము. ఒక విభాగపు ఖాళీని వేరే విభాగంతో నింపరాదు. ఖాళీ ఖాళీగానే ప్రదర్శించబడుతుంది.”

అంటే ఏమిటో తర్వాత తెలిసింది. పాట వేస్తారు, చెక్క దారి మీద దీపం వెలుగు నడిచి వస్తుంది, అతిస్థూల, ఇరవయ్యో నంబరు, ఖాళీ అని మైకులో చదువుతారు. వెలుగు వెనక్కి వెళ్లిపోతుంది. మా సంఘానికి కొనుగోలు ఉండదు. సీతారావమ్మ కాటా దిగి, చెప్పులు వేసుకోవడం మర్చిపోయి ఇంటికి వెళ్లింది.

అయితే ఆ రోజు మారిపోయింది ఆమె ఒక్కతే కాదు. సాయంత్రానికి లెక్క చూస్తే ఇరవై మందిలో పదకొండు మంది తమ విభాగాల్లో లేరు. తినమన్నవాళ్లు చిక్కిపోయారు, మాడ్చినవాళ్లు ఒళ్లు చేశారు. పదకొండు సార్లు ఉత్త వెలుగును నడిపిస్తే ముఖ్య అతిథి ఏమనుకుంటారని నడక నేర్పడానికి వచ్చిన పట్నం అమ్మాయి భయపడింది. పతంజలి గారు రాజధానికి వెళ్లి రెండు రోజుల తర్వాత తేలికపడ్డ ముఖంతో తిరిగి వచ్చారు. కొత్త ఉత్తర్వు తెచ్చారు. అందులో మొదటి వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది. ‘మానవ శరీరము నిరంతరము మార్పునకు లోనగుచున్నందున, అది వైవిధ్య ప్రదర్శనకు అనుకూలము కాదని మండలి గమనించినది.’

మనుషులకు బదులు బొమ్మలు. బట్టల కొట్ల ముందు నిలబెట్టే ప్లాస్టిక్ బొమ్మల్ని చక్రాల బండ్ల మీద పెట్టి నడిపిస్తారు. బొమ్మ ఉపవాసం ఉండదు, దానికి నెల తప్పదు. ఏ సంఘం బొమ్మ నడక పూర్తిచేస్తే ఆ సంఘానికి కొనుగోలు. మనుషులకు పెట్టిన తూకం నిబంధన బొమ్మలకు వర్తించదు. మా ఆయన ఆ రాత్రి కడుపునిండా తిన్నారు.

అయిదు సైజుల్లో బొమ్మలు కావాలని టెండరు పిలిచారు. అందరికంటె తక్కువ ధర వేసినవాళ్ల దగ్గర ఒకటే సైజు ఉంది. తక్కువ ధరను కాదనడానికి కారణం ఏదీ రూల్సులో లేదు కాబట్టి వాళ్లకే ఇచ్చారు. లారీలోంచి ఇరవై బొమ్మలు దిగాయి. అన్నిటికీ ఇరవై ఎనిమిది అంగుళాల నడుమే. పోయిన ఏడాది పట్నం అమ్మాయిలే మళ్లీ వచ్చారేమో అనిపించింది.

పతంజలి గారు ఇబ్బంది పడలేదు. ఇరవై సంఘాల రిజిస్టర్లూ తెప్పించి, ఆమోదం పొందిన కొలతలు మన దగ్గర ఉన్నాయి కదా, ఏ నంబరు బొమ్మకు ఆ నంబరు మనిషి కొలతల ప్రకారం దూది చుట్టండి అన్నారు. గోడౌనులో కూర్చుని ఆరు రోజులు దూది చుట్టాను. గుడ్డ పరిచి, దూది సర్ది, సూదితో కుట్లు వేసి, టేపు పట్టి చూసుకుని, మళ్లీ సర్ది. ఇరవయ్యో బొమ్మకు రెండు బస్తాలు పట్టింది. ముప్పై ఏళ్లు గుంట మగ్గంలో కూర్చుని కుడి కాలితో తొక్కే మనిషికి కుడి తుంటి కొంచెం ఎత్తుగా ఉంటుంది. రిజిస్టరులో ఆ తేడా ఉంది. బొమ్మకూ పెట్టాను. ఆమె చీరలోంచి వచ్చిన జాకెట్టు గుడ్డతో అదే కొలతలకు జాకెట్టు కూడా కుట్టాను. కుడుతున్నంతసేపూ ఎవరి ఒంటికి కుడుతున్నానో నాకు తెలుస్తూనే ఉంది. చేతుల కింద రెండంగుళాలు ఎక్కువ వదిలాను. బొమ్మ చెయ్యెత్తదని తెలుసు. అయినా వదిలాను.

బండ్లు తోయడానికి మనుషులు కావాలి. తొలగించబడిన అభ్యర్థులకు ప్రాధాన్యం అని ఉత్తర్వు. అంచేత సీతారావమ్మను ఇరవయ్యో బొమ్మకు సహాయకురాలిగా వేశారు. తన ఒళ్లు తనే ముందు పెట్టుకుని తోసుకెళ్లాలి. ఆ బొమ్మకు చీర కట్టింది కూడా ఆమే. కట్టి, దూరంగా జరిగి చూసి, ఈ తల్లి ఎవరో గాని నా చీర దీనికి బానే ఉంది వదినా అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

ప్రదర్శన రోజు సాయంత్రం హాలు నిండింది. ముందు వరుసలో అమాత్యుల వారి సతీమణి కూర్చున్నారు. అతిసన్న బొమ్మలు తేలిగ్గా దొర్లుకుంటూ వెళ్లి వచ్చాయి. మధ్యమ దాకా వచ్చేసరికి జనం సెల్‌ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు. స్థూల బొమ్మలు కిర్రుకిర్రుమన్నాయి. పంతొమ్మిది అయిపోయి, సీతారావమ్మ తెర వెనక నుంచి తన బండిని చెక్క మీదికి ఎక్కించబోయింది. రెండు బస్తాల దూదీ పైభాగంలోనే ఉంది. ముందు చక్రం పలకల సందులో దిగబడింది. బొమ్మ ఒక్కసారి ముందుకు వంగి పడిపోయింది. మెడ విరిగి తల తెర దగ్గరికి దొర్లింది.

సీతారావమ్మ తల వైపు చూడలేదు. ముందు చీర లాగి గుండెలకు పెట్టుకుంది. మా ఆయన మెట్ల మీద కూలబడ్డారు. పతంజలి గారు తల లేని బొమ్మను చూసి, జేబులోంచి కలం తీసి, ఇరవై, ఖాళీ అని రాయబోయారు.

ఆ సమయంలో నాకెందుకు తోచిందో తెలియదు.

“అయ్యా, ఒక్క సందేహం. బొమ్మ దేనితో చేసి ఉండాలో ఉత్తర్వులో రాసి ఉందాండి?”

ఆయన కలం ఆపారు. ఉత్తర్వు తీసి, దాని అనుబంధం తీసి, వెనక పేజీ కూడా చూశారు. ఆయన నిజాయితీపరుడు. లేనిది ఉందని చెప్పరు. “పదార్థం ప్రస్తావించబడలేదు” అన్నారు.

“తూకం?”

“బొమ్మలకు మినహాయింపు ఉంది.”

సీతారావమ్మ వైపు చూశాను. ఆయన కూడా చూశారు. చాలాసేపు చూశారు. అవతల పాట అయిపోవస్తోంది.

“ఈమెను బొమ్మగా పరిగణించుటకు ప్రతిబంధకం కనబడుట లేదు” అన్నారు చివరికి. “అయితే బొమ్మ మాట్లాడరాదు. బండి చెడిపోయినందున ప్రత్యామ్నాయ రవాణా కింద కాళ్లు అనుమతించబడతాయి.”

ఆమెను తెర చాటుకు తీసుకెళ్లాను. చీర చుట్టబెట్టుకుంది గాని కొంగు మళ్లీ రెండు భుజాల మీదుగా కప్పేసుకుంది. అలా కప్పితే పిట్టలన్నీ మడతల్లోకి పోతాయి. కొంగు వదలమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, కొంచెం తొలగించి చూపించింది. సంతలో కొన్న జాకెట్టు. రెండు పక్కలా కుట్లు విప్పి పిన్నీసులు పెట్టుకుంది. “ఇది పెట్టుకుని అంతమందిలో ఎట్టా వదలను వదినా” అంది. నేను బొమ్మ దగ్గరికి పరిగెత్తి దాని జాకెట్టు విప్పుకొచ్చాను. తొడిగాను. హుక్కులన్నీ లాగకుండా పడ్డాయి. విభాగం పేరు రాసిన అట్టముక్కను పతంజలి గారు ఆమె భుజానికి పిన్నుతో పెట్టారు. ఆయన అటు తిరగగానే ఆమె దాన్ని పీకి, తాళంచెవుల గుత్తిలా బొడ్లో దోపుకుంది.

అతిస్థూల, ఇరవయ్యో నంబరు బొమ్మ అని మైకులో వినపడింది. సీతారావమ్మ వెళ్లింది.

పట్నం అమ్మాయి నేర్పిన నడక ఏదీ ఆమెకు గుర్తు లేదు. మగ్గం దగ్గరినుంచి సంఘానికి చీర అప్పగించడానికి ఎలా నడుస్తుందో అలాగే నడిచింది. కొంగు ఒక భుజం మీదినుంచి వెనక్కి జారి, తెల్ల పిట్టలన్నీ వెలుగులోకి వచ్చాయి. సగం దూరం వెళ్లి ఆగింది. కొంగు చివర చేతిలోకి తీసుకుని, చేతులు రెండూ బారజాపి, మొత్తం పొడవునా చూసుకుంది. హాల్లో ఉన్నవాళ్లను ఒక్కరినీ చూడలేదు. తన చీరనే చూసుకుంది. మూడో పిట్ట రెక్కలో ఒక పోగు తప్పిందని తర్వాత నాతో చెప్పింది. జనం సెల్‌ఫోన్లు దించేశారు.

అమాత్యుల వారి సతీమణి లేచి చెక్క దారి దగ్గరికి వచ్చి, ఈ చీర ఎవరు నేశారమ్మా, నాకూ ఒకటి కావాలి అన్నారు. సీతారావమ్మ నోరు తెరవలేదు, పతంజలి గారి వైపు చూసింది. ఈమె మాట్లాడదా ఏమిటి అని ఆవిడ ఆయన్ను అడిగారు.

“బొమ్మ అండి” అన్నారాయన, కొంచెం నెమ్మదిగా.

మండలి నివేదిక వారం తర్వాత సంఘానికి వచ్చింది. మా ఆయన పైకి చదివారు. ఇరవయ్యో నంబరు బొమ్మ నడక సహజముగా ఉన్నది. మిగిలిన పంతొమ్మిది బొమ్మలు ఈ ప్రమాణమును అందుకొనవలసి ఉన్నది. నడక పూర్తి అయినందున నేతపాలెం సంఘము ఏడాది కొనుగోలుకు అర్హమైనది. పన్నెండు మగ్గాలకూ నూలు వచ్చింది. వచ్చే ఏడాదికి, వీలైనంతవరకు స్వయంగా నడవగల బొమ్మలనే సేకరించాలని కొత్త మార్గదర్శకాలు తయారవుతున్నాయట.

చీర మాత్రం మండలి వాళ్ల దగ్గరే ఉండిపోయింది. జాకెట్టును ఎవరూ అడగలేదు. ఆ తర్వాతి గురువారం సీతారావమ్మ మా ఇంటికి వచ్చింది. మామూలు నూలు చీరమీదికి ఆ జాకెట్టే తొడుక్కుంది. కొంగు ఒక భుజం మీదే ఉంది. అరుగుమీద కూర్చుని, కుట్టుకూలి ఎంతొదినా, బొమ్మ ఇయ్యదు గదా, నేనియ్యాలి అంది.

నేను మిషను ఆపాను. పదకొండేళ్ల కిందట ఈవిడ చెల్లెలి పెళ్లికని ఒక గుడ్డ తెచ్చి ఇచ్చింది. పడుగు చివర మిగిలిన పట్టుతో తను నేసుకున్న చిలకాకుపచ్చ గుడ్డ. పెళ్లిళ్ల తొందరలో ఇంకెవరిదో ముప్పై ఆరు చీటీ చూసి దాన్ని కత్తిరించేశాను. అలాంటి గుడ్డ మళ్లీ ఎక్కడా దొరకదు. ఎలాగైనా ఇంకొకటి కుట్టి ఇస్తానన్నాను. పోనీలే వదినా అని వెళ్లిపోయింది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మళ్లీ నా దగ్గర కుట్టించుకోనూ లేదు. కనపడినప్పుడల్లా నవ్వుతూ పలకరించేది, నేను తల దించుకునేదాన్ని. ఇదంతా గుక్క తిప్పుకోకుండా ఆమెకే చెప్పి, నీకు నేనొక జాకెట్టు బాకీ, ఇది అదే అన్నాను.

ఆమె రెండు చేతులూ పైకెత్తి జుట్టు విప్పి, తీరిగ్గా ముడివేసుకుంది. చంకల్లో ఎక్కడా పట్టలేదు.

“అయితే చెల్లు వదినా” అంది. లేచి వెళ్తూ గుమ్మంలో ఆగి, “మెడ మాత్రం ఇంకో వేలెడు దింపితే బాగుండేది” అంది.